కూర్చోనివ్వని కుర్చీని చూపించడం: డిజైన్ ప్రదర్శనల క్యూరేటర్ పని గురించి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: ప్రొడక్ట్ డిజైన్ చదివి నాలుగేళ్లుగా ఒక కంపెనీలో పనిచేస్తున్నారు. ఒక మ్యూజియంలో తాత్కాలిక డిజైన్ ప్రదర్శనలకు క్యూరేటర్ ఉద్యోగం పడింది. మంచి వస్తువును గుర్తుపట్టే కన్ను ఉంది కాబట్టి ఈ పనికి సరిపోతానా, రోజూ అసలేం చేయాల్సి ఉంటుంది అని అడిగారు.

సరిపోతారు. కానీ ఆ కన్ను ఒక్కటే చాలదు. వస్తువులు ఎంచుకోవడం ఈ పనిలో చిన్న భాగం. అసలు పని ఏమిటంటే, వాడుకోవడానికి పుట్టిన వస్తువును వాడే వీల్లేని చోట పెట్టి, అది ఎలా పనిచేసేదో, ఎవరికి ఎందుకు అక్కరకొచ్చిందో చూసేవాళ్లకు తెలిసేలా చేయడం. పదిహేనేళ్లుగా ఇదే నా ఉద్యోగం. లేబుల్ రాసినా, వస్తువు అరువు తెచ్చినా, దిమ్మె ఎత్తు గురించి వాదించినా అన్నీ చివరికి ఆ ఒక్క పని దగ్గరికే వస్తాయి.

చిత్రకళ క్యూరేటర్‌కు ఈ చిక్కు ఇంతగా ఉండదు. బొమ్మను చూడటానికే గీశారు, గోడకు తగిలించినా దాని పని అది చేస్తూనే ఉంటుంది. కుర్చీ అలా కాదు. "తాకరాదు" అని బోర్డు పెట్టిన మరుక్షణం కుర్చీ పని ఆగిపోయింది. ఒక ఉదాహరణ చెబుతాను.

ఫర్నిచర్ తయారీదారు మైకేల్ తోనెట్ 1859లో తెచ్చిన 14వ నంబరు కుర్చీ మీకు తెలిసే ఉంటుంది. ఆవిరి పట్టించి వంచిన బీచ్ చెక్కతో చేసింది. మేము కుర్చీల మీద ప్రదర్శన పెట్టినప్పుడు పాత కుర్చీ ఒకటి అరువు తెచ్చి, తెల్లటి దిమ్మె మీద పెట్టి, పైనుంచి చక్కటి లైటు వేశాం. ఫొటోల్లో బ్రహ్మాండంగా వచ్చింది. నేను నోట్‌బుక్ పట్టుకుని మూల నిలబడి చూస్తే, వచ్చినవాళ్లు "ఇలాంటిది మా తాతగారింట్లో ఉండేది" అనుకుంటూ ముందుకు వెళ్లిపోతున్నారు. వాళ్ల తప్పేం లేదు. ఆ కుర్చీ గొప్పతనం దిమ్మె మీద కనిపించేదే కాదు. అది 6 చెక్క ముక్కలు, 10 స్క్రూలు, 2 నట్లు. విడదీసి సర్దితే ఒక ఘనపు మీటరు పెట్టెలో 36 కుర్చీలు పట్టేవి. ఓడల మీద దూరదేశాలకు వెళ్లి, అక్కడ బిగించుకునే కుర్చీ అది.

అరువు తెచ్చిన పాత కుర్చీని విప్పలేం. అందుకని వడ్రంగి చేత ఆ ఆరు ముక్కలకు నకళ్లు చేయించాం. ముందు కాళ్లు రెండు, వెనక కాళ్లూ వీపూ కలిసి ఒకే వంపుగా వచ్చే ముక్క, దాని లోపలి వంపు, కూర్చునే చట్రం, కాళ్లను పట్టి ఉంచే వలయం. వాటిని గోడకు విడివిడిగా బిగించాం. పక్కనే నేల మీదా గోడ మీదా తెల్ల టేపుతో ఒక మీటరు పెట్టె ఆకారం గీసి, 36 అని అంకె వేశాం. మర్నాడు ఒక పిల్లాడు ఆ గీతల మధ్య గొంతుక్కూర్చుని "ఇందులో ముప్పై ఆరా?" అని వాళ్ల నాన్నను అడిగాడు. ఆయన మళ్లీ వెనక్కి వెళ్లి కుర్చీని చుట్టూ తిరిగి చూశాడు. టేపు, ఆరు కర్ర ముక్కలు. క్యూరేటర్ పని అంటే నాకు గుర్తొచ్చేది అదే.

ముందు ప్రశ్న, తర్వాతే వస్తువులు. కొత్తగా వచ్చినవాళ్లు నచ్చిన వస్తువుల జాబితాతో మొదలుపెడతారు. నేనూ అలాగే మొదలుపెట్టాను. జాబితా ఎంత మంచిదైనా ప్రదర్శన అవదు. న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌లో 1934లో ఫిలిప్ జాన్సన్ 'మెషీన్ ఆర్ట్' పెట్టినప్పుడు స్ప్రింగులు, బాల్ బేరింగులు, ప్రయోగశాల గాజు పాత్రలను శిల్పాల్లాగా దిమ్మెల మీద పెట్టాడు. యంత్రం చేసిన వస్తువుకు శిల్పంతో సమానమైన అందం ఉంటుందా అన్నది అక్కడి ప్రశ్న. అదే మ్యూజియం 1938లో ఐదు డాలర్ల లోపు ఇంటి సామాన్లతో ప్రదర్శన పెట్టింది. అక్కడ ప్రశ్న మారిపోయింది: మంచి డిజైన్ మామూలు మనిషికి అందుతుందా? 2004లో అక్కడి క్యూరేటర్ పావొలా ఆంటొనెల్లి 'హంబుల్ మాస్టర్‌పీసెస్' అని పేపర్ క్లిప్పులు, పోస్ట్-ఇట్ చీటీల లాంటివి తెచ్చి పెట్టింది. రోజూ చేతిలో పట్టుకుని కూడా మనం చూడనివి ఏవి అన్నది ఆమె ప్రశ్న. ఒకే పేపర్ క్లిప్పును ఈ మూడింట్లో ఎక్కడ పెట్టినా అక్కడక్కడ అది చెప్పే మాట వేరు.

నాకు బాగా పాఠం నేర్పింది మూతల ప్రదర్శన. సీసా మూతలు, డబ్బా మూతలు, పెన్ను క్యాపులు, మందుల డబ్బాలు అన్నీ కలిపి మొదటి జాబితాలో 140 వచ్చాయి. అందులో అత్తరు సీసాలు ఎంత అందంగా ఉన్నాయంటే వాటిని వదులుకోవడం నా వల్ల కాలేదు. రెండు నెలలు కొట్టుమిట్టాడాక ఒక ప్రశ్న దొరికింది: మూత తెరిచేవాడికి సాయపడాలా, అడ్డుపడాలా? ఆ ప్రశ్నతో జాబితా చూడగానే నొక్కి తిప్పే మందు సీసా మూత ప్రదర్శన మధ్యలోకి వచ్చి కూర్చుంది. అమెరికా 1970లో చట్టం చేసింది, పిల్లలు తెరవలేని మూతలు కావాలని. పిల్లలు తెరవలేకపోయారు సరే, వేళ్లలో పట్టు తగ్గిన పెద్దవాళ్లూ తెరవలేకపోయారు. 1995లో నిబంధన మార్చి 50 నుంచి 70 ఏళ్ల వాళ్ల చేత కూడా తెరిపించి చూడాలన్నారు. ఒకే మూత ఒకరికి తెరుచుకోవాలి, ఇంకొకరికి తెరుచుకోకూడదు. డిజైన్‌లో ఇంతకంటే మంచి కథ ఉంటుందా? అత్తరు సీసాలు వాటంతట అవే జాబితాలోంచి వెళ్లిపోయాయి. చివరికి 52 వస్తువులు మిగిలాయి. మందు సీసాలు నాలుగు ఒక బల్లకు బిగించి, వచ్చినవాళ్లను తెరిచి చూడమన్నాం. వేళ్లలో పట్టు తగ్గితే ఎలా ఉంటుందో తెలియాలని, చేతికి మందపాటి గ్లవ్ తొడుక్కుని మళ్లీ తెరవమన్నాం. ఒక పెద్దావిడ గ్లవ్ పక్కన పెట్టేసి "నాకు ఇది అక్కర్లేదమ్మా, నా వేళ్లు అలాగే ఉన్నాయి" అంది. ఆ మాట తర్వాత లేబుల్ మొత్తం మార్చి రాశాను.

లేబుల్ రాయడాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. మీ రోజులో ఎక్కువ సమయం తినేది ఇదే. మేము ఒక్కో వస్తువుకు 60 పదాలు దాటనివ్వం. నిలబడి, వెనకవాళ్లు తోసుకుంటుంటే చదివే రాత అది. ఆక్సో గుడ్ గ్రిప్స్ అనే, కూరగాయల తొక్క తీసే పీలర్‌కు నేను మొదట రాసింది ఇలా ఉంది: "వినియోగదారుల సౌలభ్యాన్ని దృష్టిలో ఉంచుకుని రూపొందించిన ఈ ఉపకరణం సమ్మిళిత డిజైన్ చరిత్రలో ఒక మైలురాయి." ఇందులో అబద్ధం లేదు. కానీ ఇది చదివాక వస్తువు వైపు మళ్లీ చూడాల్సిన అవసరం ఎవరికీ రాదు. చివరికి గోడ మీదికి వెళ్లింది ఇది: "బెట్సీకి వేళ్ల కీళ్లనొప్పులు. సన్నటి లోహపు పిడి పట్టుకుని తొక్క తీయడం ఆమెకు కష్టమయ్యేది. ఆమె భర్త శామ్ ఫార్బర్ లావాటి మెత్తని పిడితో ఈ పీలర్ తయారు చేయించాడు. 1990లో అమ్మకానికి వచ్చింది. పిడికి రెండు పక్కలా ఉన్న సన్నటి రెక్కల్లాంటి గీతలు చూడండి. వేళ్లు జారకుండా ఆగేది అక్కడే." చివరి రెండు వాక్యాలు కంటిని వస్తువు మీదికి పంపిస్తాయి. ప్రతి లేబుల్‌లోనూ అలాంటి వాక్యం ఒక్కటైనా ఉందా అని వెతుక్కుంటాను. లేకపోతే మళ్లీ రాస్తాను.

ఇంకో సంగతి. తాకడానికి వేరుగా కొన్ని ఉంచండి. షోకేసులో ఉన్నది ఒకటి, బయట గొలుసుతో కట్టి ఉంచినవి రెండు మూడు. ఇప్పటికీ తయారవుతున్న వస్తువులతో ఇది సులువు. చూపు లేనివాళ్లకు, చిన్నపిల్లలకు ప్రదర్శన అంటే ఆ గొలుసు చివర ఉన్న వస్తువే. మూడు నెలల్లో రబ్బరు అరిగిపోతుంది, మార్చాల్సి వస్తుంది. అది ముందే బడ్జెట్‌లో రాసి పెట్టుకోవాలి.

తెర మీద బతికే డిజైన్‌కు ఇంకా పెద్ద చిక్కు. సర్వర్ మూసేస్తే యాప్ ఉండదు, ఫోను ఒక్కటే మిగులుతుంది. మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్ 2012లో 14 వీడియో గేములు సేకరించి మరుసటి ఏడాది ప్రదర్శించినప్పుడు కొన్నిటిని సందర్శకులను ఆడనిచ్చారు. వేలమంది కలిసి ఏళ్ల తరబడి ఆడే ఈవ్ ఆన్‌లైన్‌ను మాత్రం వీడియోగా చూపించారు. నేను ఇలాంటి వాటికి, దాన్ని నిజంగా వాడిన మనిషి చేతులను దగ్గరగా వీడియో తీయిస్తాను. ఆరిపోయిన ఫోను పక్కన ఆ చేతులు కదులుతుంటే జనం ఆగుతారు.

ఇప్పుడు మీ చదువు మీకు చెప్పని భాగానికి వస్తాను: వస్తువులు చచ్చిపోతాయి, ముఖ్యంగా ప్లాస్టిక్ వస్తువులు. ఒక ప్రదర్శనకు పాత వస్తువులు సేకరించే ఒకాయన దగ్గర 1980ల నాటి హెడ్‌ఫోన్లు అరువు అడిగాం. ఆయన సంతోషంగా ఇచ్చారు. పెట్టె వచ్చాక ఒక రోజంతా తెరవకుండా గదిలో ఉంచాం, గది వాతావరణానికి అలవాటు పడాలి కదా. మర్నాడు మా కన్జర్వేటర్, అంటే వస్తువులు పాడవకుండా చూసే నిపుణుడు, టిష్యూ కాగితం మడతలు విప్పుతుంటే, చెవుల దగ్గరి నురుగు మెత్తలు నల్లటి పొడిలా రాలిపోయి ఉన్నాయి. ముట్టుకోకపోయినా రాలుతూనే ఉంది. పాలియురెథేన్ నురుగు అంతే, లోపల్లోపలే విడిపోయి ఒక రోజు పొడైపోతుంది. "నేను పంపినప్పుడు బాగానే ఉంది" అన్నారు ఆయన. నిజమే అయ్యుండొచ్చు. బయలుదేరే ముందు తీసిన ఫొటోలు మా దగ్గర లేవు. దూరం కదా అని మా మనిషిని పంపకుండా ఖర్చు తగ్గించింది నేనే. వస్తువు తన స్వభావం వల్ల తానే పాడైతే ఇన్సూరెన్స్ సాధారణంగా వర్తించదు. ఆ వారం పడ్డ టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది. చివరికి ఆయన పెద్దమనసుతో ఒప్పుకున్నారు, రాలిన పొడితో సహా ప్రదర్శించాం. మెత్తదనం ఇచ్చిన పదార్థమే ఎక్కువ కాలం ఉండలేకపోయిందని లేబుల్‌లో రాశాం. అప్పటినుంచి వస్తువు ఏ స్థితిలో ఉందో ఫొటోలతో రాసే కండిషన్ రిపోర్టు లేకుండా ఏ వస్తువునూ గడప దాటనివ్వను. వెళ్లేటప్పుడు ఒకటి, వచ్చాక ఒకటి, తిరిగి పంపేటప్పుడు ఒకటి.

కొన్ని గుర్తులు నేర్చుకోండి. పాత ప్లాస్టిక్ దగ్గర వెనిగర్ వాసన వస్తే అది సెల్యులోజ్ అసిటేట్ విడిపోతోందని. పీవీసీ మీద చెయ్యి అంటుకుంటుంటే లోపలి మెత్తబరిచే రసాయనం బయటికి వస్తోందని. సెల్యులోజ్ నైట్రేట్ అనే పాత ప్లాస్టిక్ పక్కన లోహం ఉంచకూడదు. దాని ఆవిరి లోహాన్ని తినేస్తుంది, అదీకాక తేలిగ్గా అంటుకునే పదార్థం.

షోకేసు లోపలి బట్ట, బోర్డు, పెయింటు కూడా ఇలాగే వాయువులు వదులుతాయి. వాటిని పరీక్షించడానికి ఆడీ టెస్ట్ అని ఉంది. బ్రిటిష్ మ్యూజియంలో పనిచేసిన ఆండ్రూ ఆడీ పేరు మీద వచ్చింది. ఆ పదార్థాన్ని వెండి, రాగి, సీసం ముక్కలతో కలిపి మూసిన గాజు సీసాలో 60 డిగ్రీల వేడిలో, తేమలో 28 రోజులు ఉంచుతారు. లోహం మచ్చ పడితే ఆ పదార్థం షోకేసులోకి రాదు. 28 రోజులు! ప్రారంభానికి మూడు వారాల ముందు "ఈ రంగు ఫెల్ట్ ఇంకా బాగుంటుంది" అంటే కుదరదని అందుకే అంటాం. ఉన్ని ఫెల్ట్ వెండిని నల్లబరుస్తుంది కూడా.

వెలుతురు సంగతి క్లుప్తంగా: బట్టలు, కాగితం, పోస్టర్లకు 50 లక్స్ (లక్స్ అంటే వస్తువు మీద పడే వెలుతురుకు కొలత). మసకగా ఉందని ఫిర్యాదులు వస్తాయి, వినండి, కానీ పెంచకండి. నష్టం పోగవుతూ పోతుంది. 50 లక్స్‌లో రోజుకు 8 గంటలు, 90 రోజులు ఉంచితే 36,000 లక్స్-గంటలు. లైటు రెట్టింపు చేస్తే ఆ లెక్క 45 రోజుల్లో అయిపోతుంది. దానికి బదులు, బయటి గదుల వెలుతురు మెల్లమెల్లగా తగ్గిస్తూ రండి. కళ్లు అలవాటు పడ్డాక 50 లక్స్ చాలినంతగానే కనిపిస్తుంది.

మీరు డిజైనర్ కాబట్టి ఒక హెచ్చరిక. ప్రదర్శన డిజైనర్ వేరు, క్యూరేటర్ వేరు. షోకేసులు, గోడలు, అక్షరాల సైజు మీరే గీసేయాలని చేతులు లాగుతాయి. నా సహోద్యోగి ఒకరు మీలాగే పరిశ్రమ నుంచి వచ్చారు. మొదటి మీటింగులోనే తన స్కెచ్ బల్ల మీద పెట్టేశారు. ప్రదర్శన డిజైనర్ ఆ తర్వాత రెండు నెలలు సొంతంగా ఒక్క ఆలోచనా చెప్పలేదు. మీరు ఇవ్వాల్సింది, ఏ వస్తువు పక్కన ఏది ఎందుకు ఉండాలో, దేన్ని వెనకనుంచి కూడా చూడాలో, ఎక్కడ జనం ఆగాలో. అది ఎలా కుదరాలన్నది ఆయన పని. వీల్‌చైర్‌లో వచ్చినవాళ్లకు షోకేసు లోపల ఏం కనిపిస్తోందన్నది మాత్రం మీ ఇద్దరి పనీ. మేము అట్టపెట్టెలతో నిజమైన ఎత్తులో నమూనా పెట్టి, కుర్చీలో కూర్చుని చూసుకుంటాం. పడుకోబెట్టిన వస్తువులు సగం కనబడవు. ప్రతిసారీ అక్కడ ఏదో ఒకటి మార్చాల్సి వస్తుంది.

డిజైన్ ప్రదర్శనల్లో ఇంకో ప్రత్యేకమైన ఇబ్బంది, వస్తువు తయారుచేసే కంపెనీ ఇప్పటికీ వ్యాపారంలో ఉంటుంది. ఒకసారి ఒక కంపెనీ ఖర్చులో పెద్ద భాగం భరిస్తామంది. తమ కొత్త మోడల్ మొదటి గదిలో ఉండాలన్నది షరతు. మా డైరెక్టర్‌తో కూర్చుని వద్దన్నాం. ఆ ఏడాది ప్రదర్శన రెండు గదులకు కుదించుకోవాల్సి వచ్చింది. బాధేసింది. కానీ మ్యూజియంలో పెట్టారు అన్న మాటే ఒక సర్టిఫికెట్ అవుతుంది, దాన్ని అమ్ముకోకూడదు. డబ్బు ఎక్కణ్నుంచి వచ్చినా ప్రదర్శనలోని విషయం మీద అధికారం మ్యూజియందే అని అంతర్జాతీయ మ్యూజియంల మండలి నీతి నియమావళి కూడా చెబుతుంది. ఒప్పందంలో ఆ వాక్యం రాయించుకోండి. బతికున్న డిజైనర్ల విషయంలోనూ అంతే. వాళ్లతో గంటలు మాట్లాడండి, కానీ లేబుల్ వాళ్ల చేత దిద్దించకండి, తేదీలూ పేర్లూ మాత్రమే సరిచూడమనండి.

సమయం గురించి అడిగారు కదా. ఒక మోస్తరు ప్రదర్శనకు ఏడాదిన్నర నుంచి రెండేళ్లు. అరువు ఉత్తరాలు కనీసం ఆరు నెలల నుంచి ఏడాది ముందు వెళ్లాలి. ఇచ్చే మ్యూజియం మీ గది తేమ, ఉష్ణోగ్రత, కాపలా వివరాలన్నీ అడుగుతుంది. రిజిస్ట్రార్ అనే మనిషితో స్నేహంగా ఉండండి. రవాణా, ఇన్సూరెన్స్, కస్టమ్స్ ఆవిడ చేతిలోనే ఉంటాయి. ఒక వస్తువు అనుకోకుండా ఆగిపోతే రాత్రి పదకొండింటికి ఫోన్ ఎత్తేది ఆవిడే.

దరఖాస్తు పెట్టే ముందు ఒక చిన్న ప్రదర్శన చేసి చూడండి. గ్రంథాలయం మూల అయినా, మీ కాలేజీ వరండా అయినా చాలు. 12 వస్తువులు, ఒక ప్రశ్న, 12 లేబుళ్లు. తర్వాత అక్కడే నిలబడి రెండు రోజులు చూడండి, ఎవరు ఎక్కడ ఆగుతున్నారో, ఎక్కడ ఆగకుండా పోతున్నారో రాసుకోండి. ఆ నోట్సు మీ ఉత్పత్తుల పోర్ట్‌ఫోలియో కంటే ఇంటర్వ్యూలో ఎక్కువ పనికొస్తుంది. నేను ప్యానెల్‌లో కూర్చున్నప్పుడు అడిగే ప్రశ్న ఒకటే: ఏ వస్తువును వదిలేశారు, ఎందుకు? దీనికి వెంటనే, కాస్త బాధగా సమాధానం చెప్పగలిగినవాళ్లు ఈ పనికి వస్తారు.

చివరగా, విప్పే రోజుల గురించి ఎవరూ చెప్పరు కాబట్టి చెబుతున్నాను. ప్రదర్శన ముగిసిన మర్నాడే అందరూ తర్వాతి దాని మీద పడతారు. మీరు ఆ వారం గ్యాలరీ వదలకండి. ప్రతి గోడనూ విప్పకముందే ఫొటో తీయండి. కొలతలు, లైట్ల రీడింగులు, చివరి లేబుళ్లు, గ్యాలరీ సిబ్బంది విన్న ప్రశ్నలు అన్నీ ఒక ఫైల్లో పెట్టండి. మా కుర్చీల ప్రదర్శనను మూడేళ్ల తర్వాత ఇంకో మ్యూజియం అడిగింది. ఆ ఆరు కర్ర ముక్కలు ఒక పెట్టెలో, టేపు గీతల కొలతలు ఒక కాగితం మీద ఉన్నాయి. పెట్టె మూత లోపల, ఏ ముక్క ఎక్కడ బిగించాలో మా టెక్నీషియన్ పెన్సిల్‌తో గీసి పెట్టాడు. వాళ్లు ఒక్క పూటలో నిలబెట్టుకున్నారు.